అద్దంలో చెయ్యి

వినికిడి పరీక్షలో నేను కాపీ కొట్టాను. అప్పటికి నాకు యాభై తొమ్మిదేళ్ళు. బడిలో ఏనాడూ పక్కవాడి పలక వైపు చూడనివాణ్ని, ఠాణేలో ఒక ఆసుపత్రి మూడో అంతస్తులో కూర్చుని, పరీక్ష చేసే అమ్మాయి చెయ్యి కదలడం దొంగచూపుగా చూసి గుండీ నొక్కాను. మొన్నటి వానాకాలంలో నాకు వచ్చిన జబ్బు గురించి చెప్పాలంటే మొదట ఒప్పుకోవాల్సింది ఇదే. మిగతాదంతా దీనికి ముందూ వెనకా జరిగింది.

ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. మరమగ్గాన్ని మా భివండిలో సాంచా అంటారు. సాంచాల ఊళ్ళో చెవుడు జబ్బు కింద లెక్క కాదు. వయసుతో తల నెరిసినట్టే చెవి మందగిస్తుందని అందరూ అనుకుంటారు. అందుకే ఒక్కసారిగా చెవి మూసుకుపోయినా నాలుగు రోజులు చూద్దామంటారు. చూడకండి. ఆ నాలుగు రోజుల విలువ నాకు తెలిసింది.

జూన్ చివరి వారం

నేను ఈ ఊళ్ళో తెలుగు దినపత్రిక విలేకరిని. ముప్పై ఏళ్ళకు పైగా ఇదే పని. ఎడమ చెవి చిన్నప్పుడే చీము కారి చెడింది. దగ్గరికొచ్చి గట్టిగా అరిస్తే సగం మాటలు అందుతాయి, అంతే. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఎవరితో మాట్లాడినా నా కుడి చెవి వాళ్ళ వైపు ఉండేలా ఎడమ పక్కన కూర్చునేవాణ్ని. కుడి చెవి మాత్రం గట్టిది. రెండు గంటల సభ విని, కాగితం మీద పది ముక్కలు కూడా రాసుకోకుండా వచ్చి వార్త రాసేవాణ్ని. రికార్డర్లు పట్టుకుని తిరిగే కుర్ర విలేకరులను చూసి లోలోపల నవ్వుకునేవాణ్ని.

ఆ రోజు పొద్దున లేచేసరికి కుడి చెవిలో వంద సాంచాలు ఒకేసారి నడుస్తున్నట్టు హోరు. మంచం దిగితే నేల ఎడమ వైపుకు ఒరిగింది. వంటింట్లో నా భార్య సులోచన ఏదో అంటోంది. పెదాలు కదులుతున్నాయి. కుక్కర్ మూత మీద విజిల్ లేస్తోంది, ఆవిరి చిమ్ముతోంది. చప్పుడు లేదు.

"బాపూ, ఏమైంది?" అని మా అమ్మాయి స్వప్న ఎడమ చెవి దగ్గర అరిచింది.

"ఏం కాలే. నీళ్ళు పోయినయ్ చెవుల," అన్నాను. అబద్ధం. అంజూర్ ఫాటా దగ్గర రోడ్డు మీద నీళ్ళు నిలిచాయని వార్త పంపాలి, సాయంత్రానికి అదే సర్దుకుంటుందని అనుకున్నాను. సాయంత్రం సర్దుకోలేదు. మర్నాడు స్వప్న నన్ను బలవంతంగా డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన ఒక పరీక్ష చేయించి, పెద్ద మోతాదు మాత్రలు ఇచ్చి, పది రోజుల తర్వాత ఠాణేలో చెవుల ఆసుపత్రిలో చూపించమని చీటీ రాశాడు. ఈ జబ్బులో మొదటి కొన్ని వారాలే ముఖ్యమని స్వప్న ఫోన్లో పెద్ద అక్షరాలతో టైపు చేసి చూపించింది.

జూలై మొదట్లో

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. ఇరవై నాలుగు సాంచాలు ఒకే రేకుల కప్పు కింద నడిచే కార్ఖానాలో గొంతుతో మాట్లాడలేం. అక్కడివాళ్ళు పెదాలతో, కళ్ళతో, వేళ్ళతో మాట్లాడతారు. దారం తెగిందనీ, చాయ్ వచ్చిందనీ, ఫలానావాడి పెళ్ళి కుదిరిందనీ, అన్నీ శబ్దం లేకుండానే. సులోచన, ఆమె తమ్ముడు మల్లేశం నిజాంపురాలో తమ తండ్రి కార్ఖానాలో కండెలు చుడుతూ పెరిగారు. వాళ్ళకు ఆ భాష మాతృభాష కిందే లెక్క. నేను కరీంనగర్ వైపు నుంచి పత్రిక పని మీద వచ్చినవాణ్ని. సాంచా ముట్టలేదు.

మా పెళ్ళైన నెలకు మల్లేశం ఇంటికొచ్చాడు. గడపలో నిలబడే అక్కతో ఏదో అన్నాడు, పెదాలతో. ఆమె పొయ్యి దగ్గర నుంచే ఏదో బదులిచ్చింది. ఇద్దరూ నవ్వారు. మధ్యలో నేను, పేపరు పట్టుకుని. ఆ నవ్వు నా మీదనేనని నాకెందుకో గట్టిగా అనిపించింది.

"గీ కార్ఖానా మూతులేంది ఇంట్ల? నేనున్నప్పుడు నోరు తెరిచి మాట్లాడుండ్రి," అన్నాను.

ఆమె సరేనంది. ముప్పై ఏళ్ళు నా ముందు మళ్ళీ ఆ మాటలు ఆడలేదు. నేను గెలిచానని అనుకున్నాను.

చెవి పోయిన మూడో రోజు, సులోచన నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. పెదాలు నిదానంగా కదిపింది, ఒకసారి, రెండుసార్లు. అన్నం తింటావా అని కావచ్చు, నొప్పిగా ఉందా అని కావచ్చు. నేను కళ్ళు మూసుకున్నాను. వద్దన్నది నేనే. ఇప్పుడు అదే నేర్పడానికి వచ్చిందని నాకు కోపం. కాసేపటికి కళ్ళు తెరిస్తే ఆమె లేదు, పీట ఉంది.

మల్లేశం రోజూ రావడం మొదలుపెట్టాడు. ముప్పై అయిదేళ్ళు సాంచాలు నడిపినవాడు, చెవులు రెండూ దాదాపు పోయినవాడు. ఆ సంగతి ఎప్పుడూ దాచుకోలేదు. కొత్తవాళ్ళు మాట్లాడబోతే "నాకు ఇనవడదు భయ్యా, మొఖం చూపెట్టి చెప్పు" అంటాడు, నవ్వుతూ. ఆ ఒక్క మాట నేను నా జన్మలో ఎవరితోనూ అనలేదు. వాడు నా మంచం పక్కన కూర్చుని అక్కతో మూగ మాటలాడేవాడు. ఇద్దరూ నవ్వేవాళ్ళు. నా ఇంట్లో, నా భార్యతో, నాకంటే ఎక్కువ చెవుడున్నవాడు హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నాడు. నేను గోడవైపు తిరిగి పడుకునేవాణ్ని. జబ్బు కంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ తినేసింది.

పరీక్ష రోజు

పదో రోజున ఠాణే వెళ్ళాం. స్వప్న, సులోచన, నేను. మల్లేశం కూడా. స్వప్న వాడి పేరు కూడా రాయించింది.

"మామా, తూ పణ్ దాఖవ్ నా ఏకదా. వచ్చినం కదా," అని మరాఠీ, తెలుగు కలిపి వాడి ఎదురుగా నిలబడి చెప్పిందట. వాణ్ని కూడా ఒకసారి చూపించుకోమని. వాడు "నాదేముందే బిడ్డా, నా బండి ఎప్పుడో భంగార్‌ల వోయింది" అన్నాడట, తన చెవులు ఎప్పుడో పాత ఇనుప సామాన్లలో కలిసిపోయాయని. ఇవన్నీ స్వప్న నాకు తర్వాత చెప్పింది. ఆ రోజు నాకు కనబడిందల్లా కదిలే మూతులే.

బయట హాలులో మూడు గంటలు కూర్చున్నాం. నా పక్కన కళ్యాణ్‌ నుంచి వచ్చిన రిక్షా డ్రైవరు. అతనికీ నాలాగే ఒక్కసారిగా చెవి పోయిందని, అదీ నా కంటే రెండు రోజుల తర్వాతనని స్వప్న కనుక్కుని ఫోన్లో చూపించింది. నాకు తల తిరిగి ఒరిగిపోతుంటే మోచెయ్యి పట్టుకుని ఆపాడు. తన సీసాలో నీళ్ళు తాగించాడు. మంచివాడు. లోపలికి వెళ్ళి వచ్చాక కాగితం మీద వినికిడి కొలిచే గీతను వేలితో చూపించాడు, కిందికి జారిన గీత మళ్ళీ పైకి లేచింది. పెళ్ళాం భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. నీళ్ళు తాగించిన ఆ మనిషిని చూసి నేను సంతోషించలేదు. వీడికెందుకు వచ్చింది, నాకెందుకు రాలేదు అనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

తర్వాత మల్లేశాన్ని పిలిచారు, మేమూ వెంట వెళ్ళాం. అద్దపు కిటికీ ఉన్న చిన్న గది అది. రోగి లోపల, పరీక్ష చేసే అమ్మాయి బయట. వాడి గీత బావిలో పడ్డ బొక్కెనలా అడుగుకు పోయింది. ఆ అమ్మాయి జాలిగా చూసి ఏదో అడిగింది, తనలో తాను అనుకున్నట్టు. అద్దం అవతలి నుంచే వాడు సమాధానం చెప్పాడు. ఆమె అదిరిపడింది. ఇంకో ప్రశ్న. ఇంకో జవాబు. ఆమె పోయి ఇద్దరు నర్సులను పిలుచుకొచ్చింది. వాళ్ళు ఒక్కొక్కరు అద్దం ముందు నిలబడి శబ్దం లేకుండా మాట్లాడటం, వాడు చెప్పేయడం. అందరూ చప్పట్లు. సులోచన మొహం వెలిగిపోయింది. తమ్ముణ్ని చూసి అంత గర్వం. నా వార్తలు పత్రిక మొదటి పేజీలో వచ్చినప్పుడు కూడా ఆమె మొహంలో ఆ వెలుగు నేను చూడలేదు.

తర్వాత నా వంతు. మల్లేశం బయట అద్దపు కిటికీ దగ్గరే నిలబడ్డాడు. కుర్చీ పక్కకు తిప్పి ఉంది, పరీక్ష చేసే చెయ్యి కనబడకుండా. కానీ గోడకు చెవి లోపలి బొమ్మ ఒకటి, అద్దం ఫ్రేములో. ఆ అద్దంలో ఆమె చెయ్యి నీడలా కనబడుతోంది. శబ్దం వినబడితే గుండీ నొక్కాలి. నాకు హోరు తప్ప ఏమీ లేదు. అద్దంలో వేలు కదిలింది. నొక్కాను. మళ్ళీ కదిలింది. నొక్కాను. మధ్యలో రెండు మూడు కావాలనే వదిలేశాను, నమ్మేలా ఉండాలి కదా. వార్తల్లో అబద్ధాలు పట్టుకుని బతికినవాడికి నమ్మించడం ఎట్లాగో తెలుసు.

నా గీత కూడా పైకి లేచింది. డాక్టరు కాగితం చూసి తల ఊపాడు. మాత్రలు పనిచేస్తున్నాయి, చెవిలో సూదులు అవసరం లేదు, రెండు వారాల తర్వాత రమ్మని రాశాడు. బయటికొచ్చి ఆ కాగితాన్ని మల్లేశం చేతిలో పెట్టాను. చూడు అన్నట్టు.

వాడు కాగితం చూడలేదు. నన్ను చూశాడు. తర్వాత హాలు అవతల మందుల కిటికీ దగ్గర నిలబడ్డ అక్క వైపు తిరిగి, అంత దూరం నుంచి పెదాలతో ఏదో అన్నాడు. ఆమె నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. వాడు మళ్ళీ అన్నాడు, ఈసారి వేళ్ళు కూడా కదిపాడు. ఆమె చెయ్యి కూడా అడ్డంగా ఊపి వద్దంది.

నేను లేచాను.

"నా ఎదురుంగ నా మీదనే ముచ్చట్లా! ముప్పై ఏండ్ల సంది గిదే! నవ్వుండ్రి, ఇంకా నవ్వుండ్రి!"

నా గొంతు నాకు వినబడదు కాబట్టి ఎంత గట్టిగా అరిచానో తెలియదు. హాలంతా ఇటు తిరిగింది. రిక్షా డ్రైవరు లేచి నిలబడ్డాడు. వాళ్ళిద్దరిలో ఎవరూ నవ్వడం లేదని నాకు అప్పుడే కనబడింది. అయినా ఆగలేదు.

ఆ నాలుగు రోజులు

మల్లేశం రావడం మానేశాడు. నేను సులోచనతో మాట్లాడలేదు. ఆమె పళ్ళెం పెట్టి వెళ్ళిపోయేది.

స్వప్న అంజూర్ ఫాటాలో ఒక గోదాం ఆఫీసులో పనిచేస్తుంది. ఏటా వాళ్ళకు ఒక ఫారం ఇస్తారు, మీ బలాలు రాయండి, మీ బలహీనతలు రాయండి అని. అది టేబుల్ మీద ఉంది, ఖాళీ కాపీ ఒకటి అదనంగా. పొద్దు పోక తీసి నింపాను. బలం: వినడం. బలహీనత: ఎడమ చెవి. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇన్నేళ్ళు నా గురించి నేను అనుకున్నది అంతే.

స్వప్న అది చూసి ఫోన్లో టైపు చేసింది: "బాపూ, కాయ్‌తరీ కాయ్, ఏదన్న రాసుడేనా! నువ్వు అమ్మ మాట ఎప్పుడు విన్నవ్?" పక్కన నవ్వు బొమ్మ పెట్టింది. నేను ఫోను పక్కన పడేశాను.

నాలుగో రోజు మధ్యాహ్నం సులోచన నా నోట్‌బుక్ తీసుకుని, పెన్ను వెతుక్కుని, కిటికీ దగ్గర కూర్చుని చాలాసేపు రాసింది. ఆమె తెలుగు రాయడం నేర్చుకున్నది పెద్దయ్యాక, ఆదివారం క్లాసుల్లో. తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"మల్లేశం చూసిండు. నువ్వు బొమ్మ అద్దంల ఆ పిల్ల చెయ్యి చూసి నొక్కినవ్. వానికి చెవులు లేవు కండ్లు ఉన్నయ్. డాక్టర్‌కు చెప్పు అక్కా సూదులు ఇయ్యాలె టైం పోతది అన్నడు. నేను వద్దన్న. అందరి ముందట నీ ఇజ్జత్ పోతదని. తప్పు నాదే. నాలుగు దినాలైంది. ఇగ నేను ఊకోను. నువ్వు చెప్తవా నన్ను చెప్పమంటవా."

చదివాక రెండోసారి చదవలేకపోయాను. ముప్పై ఏళ్ళుగా నా మీద నవ్వుకుంటున్నారని అనుకున్న ఆ మూగ మాటల్లో ఆ రోజు వాళ్ళిద్దరూ నా గురించే గొడవ పడ్డారు. ఒకరు నా చెవిని కాపాడాలని, ఒకరు నా పరువును కాపాడాలని. నేను చెవి కంటే పరువునే ఎన్నుకునేవాణ్నని ఆమెకు తెలుసు. అందుకే ఆమె వద్దంది. ఆమెకు నేను అంత బాగా తెలుసు.

"పోదాం పా," అన్నాను. ఎంత గట్టిగా అన్నానో మళ్ళీ తెలియలేదు. ఆమె చెప్పులు అప్పటికే వేసుకుని ఉంది.

డాక్టరు నేను చెప్పింది మొత్తం విన్నాడు. తిట్టలేదు. కాగితం మీద రెండు ముక్కలు రాసి చూపించాడు: ఈరోజే మొదలుపెడదాం. పరీక్ష గదిలో ఆ అమ్మాయి నేరుగా గోడ దగ్గరికి వెళ్ళింది. బొమ్మ ఫ్రేము మీద ఒక మరాఠీ పేపరు అతికించింది. నేను లేచి నా కుర్చీని ఇంకొంచెం గోడవైపు తిప్పుకున్నాను. ఆమె వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి నొక్కి వెళ్ళింది. ఈసారి గీత ఎక్కడికి పోవాలో అక్కడికే పోయింది, అడుగుకు.

ఆగస్టు, సెప్టెంబరు

ఆ రోజు మొదలైన సూదులు ఆగస్టులోనూ చెవిలో పడ్డాయి. నొప్పి గురించి రాయను. సూది తర్వాత అరగంట మాట్లాడకుండా, మింగకుండా పక్కకు తిరిగి పడుకోవాలి. ఆ అరగంట సులోచన నా మొహానికి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చునేది. పెదాలు కదిపేది. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

మల్లేశం ఇంటికి నేనే వెళ్ళాను. వరాలా తలావ్ దగ్గర వాడిల్లు. తలుపు తీసి నన్ను చూసి, నేను నోరు తెరిచేలోపే వాడే అన్నాడు, ఎడమ చెవి దగ్గరికొచ్చి అరుస్తూ: "ఏంది బావా, ఆసుపత్రిల గట్ల ఒర్లినవ్! ముప్పై అయిదేండ్ల తర్వాత నాకు మొదటిసారి ఒక మనిషి గొంతు సాఫ్‌గ ఇనవడ్డది."

వాడి భార్య చాయ్ కప్పుతో పడీపడీ నవ్వింది. నాకు క్షమాపణ చెప్పే అవకాశం కూడా వాడు ఇవ్వలేదు. ఆ సులువు చూసి కూడా నాకు కుళ్ళే.

గణపతి పండుగ నాటికి కుడి చెవిలో కొంత వెనక్కి వచ్చింది. పందిట్లో ఢోల్ దెబ్బ ఎక్కడో పాతాళంలో తగిలినట్టు అనిపించి నిలబడిపోయాను. ఇప్పుడు చెవి మిషన్ పెట్టుకుంటే ఎదురుగా కూర్చున్న మనిషి మాట అర్థమవుతుంది. సభలు కావు. ఆ నాలుగు రోజులు పోకపోతే ఇంకెంత వచ్చేదని డాక్టర్ని అడిగాను. ఎవరూ చెప్పలేరన్నాడు. ఆ లెక్క నేను చచ్చేదాకా నా దగ్గరే ఉంటుంది.

మీలో ఎవరికైనా ఇట్లా జరిగితే రెండే మాటలు చెప్తాను. ఆ రోజే వెళ్ళండి. వినబడకపోతే గుండీ నొక్కకండి.

ఇప్పుడు

స్వప్న ఫారాన్ని పారేయలేదు, నా బల్ల సొరుగులో పెట్టింది. మొన్న తీసి చూశాను. బలం అన్నచోట వినడం కొట్టేశాను. ఇంకా ఏమీ రాయలేదు. బలహీనత అన్నచోట ఎడమ చెవి కొట్టేసి, "మళ్ళీ చెప్పమని అడగలేకపోవడం" అని రాశాను. దాని కింద, "అడగగలిగినవాణ్ని చూసి ఓర్వలేకపోవడం" అని కూడా.

ఆదివారాలు తప్ప రోజూ పొద్దున ఒక గంట నిజాంపురాలో మల్లేశం నడిపే కార్ఖానాకు పోతున్నాను. మిషన్ తీసి జేబులో పెట్టుకుంటాను. సాంచాలు మొదలయ్యాక అక్కడ ఎవరికీ ఏమీ వినబడదు, నాకూ వాళ్ళకూ తేడా లేదు. ఆ వరసల మధ్య స్టూలు మీద కూర్చుని మూతులు చూస్తాను. పని నేర్చుకునే కొత్తవాళ్ళందరిలో నేనే మొద్దును. బీహారు నుంచి నిరుడు వచ్చినవాడు నాకంటే ముందున్నాడు. వాడి మీద కూడా నాకు కుళ్ళే.

నిన్న సులోచన అన్నం డబ్బా తీసుకుని వచ్చింది. అటు చివర, ఆరు సాంచాల అవతల నిలబడి తమ్ముడితో ఏదో అంది. ఇద్దరూ నా వైపు చూసి నవ్వారు. గొంతులో ఆ పాత మంట లేచింది, ఏమాత్రం తగ్గకుండా. దాంతోపాటే నేనూ లేచాను. ఆమెకు కనబడేలా పక్కకు జరిగి, శబ్దం లేకుండా, నాకు చేతనైనంత నిదానంగా పెదాలు కదిపాను:

"నాకు అర్థం కాలేదు. దయచేసి మరొకసారి చెప్పండి."

ఆమె డబ్బా కింద పెట్టింది. మొహమంతా నా వైపు తిప్పి నా మాటకు బదులు చెప్పింది. రెండోసారికీ అందలేదు. మూడోసారి వేళ్ళు కూడా కలిపింది. అప్పుడు అందింది.

"నీ మూతి ఇంకా పేపర్ భాషనే మాట్లాడుతంది," అంటోంది.